కణాల మెత్తదనంలో నేను గీయనన్న గీత

2005 జూలైలో పాండిచ్చేరిలోని ఒక వైద్య కళాశాల పరిశోధన విభాగంలో నన్ను సీనియర్ సైంటిఫిక్ ఆఫీసరుగా నియమించారు. ఊరి పేరు ఇంకా పుదుచ్చేరిగా మారలేదు. అంతకు ముందు నా ఉద్యోగమంతా లోహాలతోనే గడిచింది. ఉక్కు పలక మీద వజ్రపు మొనను నిర్ణీత బలంతో నొక్కి, పడిన గుంటను కొలిచి, ఆ ఉక్కు ఎంత గట్టిదో చెప్పే ప్రయోగశాలలో పనిచేశాను. కొత్త చోట నొక్కవలసింది మనిషి కణాన్ని. ఉక్కును నొక్కిన చేతులతో కణాన్ని ఎలా నొక్కుతారని ఇంటర్వ్యూలో ఒక వైద్యుడు నవ్వుతూ అడిగాడు. సూత్రం ఒకటేనని, సూది మాత్రం మారుతుందని చెప్పాను. ఆ జవాబు ఆయనకు నచ్చినట్టు లేదు. ఉద్యోగం మాత్రం నాకే వచ్చింది.

మాది పాండిచ్చేరి పక్కనే ఉన్న మురుంగపాక్కంలో తరతరాలుగా సేద్యం చేసిన తెలుగు కుటుంబం. ఇంట్లో అందరికీ తెలుగు మాట వచ్చు, అక్షరం ఎవరికీ రాదు. నేను తెలుగు రాయడం నేర్చుకున్నది ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉన్నప్పుడు. అందువల్ల సొంత ఊరికి తిరిగి వచ్చాక మా వాళ్ళలో తెలుగు పత్రిక తెప్పించుకునే మనిషిని నేనొక్కదాన్నే. ఉప్పళంలో ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకుని అక్కడి నుంచి స్కూటీ మీద పనికి వెళ్ళేదాన్ని.

విభాగాధిపతి డాక్టర్ సభాపతి. ఊపిరితిత్తుల శస్త్రచికిత్సలో మంచి పేరున్న మనిషి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి, అది కాన్సరు వల్లనా కాదా అని తేలక, మళ్ళీ మళ్ళీ సూదితో పొడిపించుకునే రోగులను ఆయన ఏళ్ళ తరబడి చూశారు. ఆ నీటిలోని కణాలను నొక్కి చూస్తే అక్కడికక్కడే సంగతి తెలిసిపోవాలన్నది ఆయన ఆశ. అది తప్పుడు ఆశ అని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కాన్సరు కణాలు చాలావరకు మామూలు కణాల కంటే మెత్తగా ఉంటాయి. కణం లోపల దాన్ని నిలబెట్టే సన్నని పోగుల అల్లిక ఒకటి ఉంటుంది. కాన్సరులో ఆ అల్లిక సడలుతుంది. అలా సడలిన కణం ఇరుకు సందుల్లోంచి దూరి మరో చోటికి పోగలుగుతుంది.

మెత్తదనాన్ని కొలిచే యంత్రాన్ని అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ అంటారు. పేరులో మైక్రోస్కోప్ అని ఉన్నా దాని పని చూడడం కాదు, తడమడం. వెంట్రుక కంటే పలచని రేకు ఒకటి ఉంటుంది. దాని కొసన మామూలు కంటికి ఆనని గాజు పూస. ఆ పూసను కణం మీదికి దించి నొక్కితే, కణం గట్టిదైతే రేకు ఎక్కువ వంగుతుంది, మెత్తదైతే తక్కువ వంగుతుంది. రేకు వీపు మీద పడి తిరిగి వచ్చే లేజర్ కిరణం ఎంత పక్కకు జరిగిందో చూసి ఆ వంపును లెక్కగడతాం. వచ్చిన గట్టిదనాన్ని పాస్కల్ అనే కొలతలో రాస్తాం.

చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం నియమాలు చాలా ఉన్నాయి. పొద్దున్నే ముందుగా రేకు బిగువును సరిచూసుకోవాలి. కణాలున్న గిన్నెను మనిషి ఒంటి వేడిలోనే ఉంచాలి. పూసను కణం నడిమి భాగం మీదే దించాలి. లోతుగా నొక్కకూడదు. నొక్కితే కింద ఉన్న గాజు గట్టిదనం కణానిదిగా లెక్కలోకి వచ్చేస్తుంది. గిన్నె ఎక్కువసేపు నిలవ ఉంటే కణాలు చావడం మొదలుపెడతాయి, వాటి కొలతలు పనికిరావు. మా గది జనరేటరు పక్కనే ఉండేది. అది మోగితే చాలు, రేకు వణికేది. కొత్త బల్ల అడిగితే ఫైలు కదల్లేదు. నేను రాతి పలక ఒకటి తెప్పించి, దాని కింద గాలి నింపిన స్కూటరు ట్యూబులు పెట్టించి, యంత్రాన్ని దాని మీదికి ఎక్కించాను. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ ట్యూబులను చూసి ముఖం చిట్లించేవారు. వణుకు తగ్గిందా లేదా చూడమని కంప్యూటరు తెర చూపించేదాన్ని.

నాతో కలిసి పనిచేసింది పాథాలజీ విభాగంలో డాక్టర్ ఫిలోమినా. అదే నీటిలోంచి కొంత తీసి, రంగు వేసి, గాజు పలక మీద చూసి, ఏది కాన్సరు కణమో చెప్పేది ఆమె. ఆమె తేల్చిన వాటితో నా కొలతలను పోల్చేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి మాకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది. కాన్సరు కణాలను ఒక కుప్పగా, మామూలు కణాలను మరో కుప్పగా పోస్తే మొదటి కుప్ప మెత్తని వైపున, రెండోది గట్టి వైపున నిలిచాయి. ఆ రోజు ఫిలోమినా నా భుజం పట్టుకుని ఊపేసింది. సభాపతిగారు విభాగంలో అందరికీ మిఠాయి పంచారు.

కానీ ఆ రెండు కుప్పల అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. కాన్సరు కణాల్లో గట్టివి ఉన్నాయి, మామూలు వాటిలో మెత్తనివి ఉన్నాయి. నడుమ చాలా మేర అవి ఏ కుప్పవో కొలత ఒక్కదాన్ని బట్టి చెప్పలేం. సభాపతిగారు అడిగింది ఒకే ఒక గీత. దానికి ఇవతల ఉంటే కాన్సరు, అవతల ఉంటే నిశ్చింత. ఒక పరికరాల సంస్థ ఆ గీత కోసమే ఎదురుచూస్తోంది. అది చేతికి వస్తే పల్లెల్లో శిబిరాలు పెట్టి పరీక్షలు చేస్తామని వాళ్ళు మాట ఇచ్చారు. కొలిచేది నేను కాబట్టి గీత ఎక్కడ పడాలో నేనే సంతకం చేసి ఇవ్వాలన్నారు. సమావేశంలో నేను ఇవ్వనన్నాను. నూరు మంది గురించి చెప్పమంటే చెబుతానని, మంచం మీదున్న ఒక్క మనిషి గురించి ఈ కొలతతో చెప్పలేనని వివరించాను. భౌతికశాస్త్రం చదివినవాళ్ళకు అనుమానాలు ఎక్కువని ఆయన అన్నారు. అందుకే జీతం ఇస్తున్నారని నేనన్నాను.

2007లో రంగనాయకులు చెట్టి ఆస్పత్రికి వచ్చాడు. ఆయనకు బజారులో పాత్రల అంగడి ఉంది. మా ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ పాత్రలు ఆయన అంగడివే. నన్ను పావడాల నాటి నుంచి ఎరిగినవాడు, నేను మామా అని పిలిచేదాన్ని. విడవని దగ్గు, ఆయాసం, కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు. నీరు తీశారు. ఫిలోమినా గాజు పలక మీద కాన్సరు కణం కనబడలేదు, కానీ అది లేదని చెప్పేటంత ధీమా కూడా ఆమెకు కలగలేదు. మిగతా పరీక్షలు కూడా ఎటూ తేల్చలేదు. అటువంటప్పుడు చేయవలసింది పక్కటెముకల నడుమ నుంచి సన్నని గొట్టం పంపి, లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చూడడం. దాన్నే బయాప్సీ అంటారు. వార్డు డాక్టర్లు అదే రాశారు.

ఆయన కణాలను నేనే నొక్కాను. సగటు గట్టి వైపున వచ్చింది. ఆ అంకె సభాపతిగారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన స్వయంగా వార్డుకు పోయి, కొత్త యంత్రం కాన్సరు లేదని చెప్పిందని, ముక్క తీయించుకునే పని లేదని చెప్పి ఇంటికి పంపేశారు. ఈ సంగతి ఫిలోమినా వచ్చి చెబితే నాకు తెలిసింది. వెంటనే ఆయన గదికి వెళ్ళాను. ఆ అంకెకు అంత అర్థం లేదని, రోగిని వెనక్కి పిలవమని అడిగాను. రోగులతో మాట్లాడడం నా పని కాదని, యంత్రం దగ్గరికి వెళ్ళమని ఆయన ఆజ్ఞాపించారు. యంత్రం చెప్పని మాట యంత్రం పేరిట బయటికి పోతే దాన్ని సరిదిద్దడం కూడా నా పనేనని చెప్పి బయటికి వచ్చాను.

ఆ సాయంత్రమే ఒర్లియంపేటలో చెట్టి ఇంటికి వెళ్ళాను. వీధి గుమ్మంలోనే పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"రా అమ్మణ్ణీ, కూర్చో. నీ మిషను మంచి మాట చెప్పినాదంట. పెద్ద డాక్టరే వచ్చి చెప్పినారు" అన్నాడు. ముఖం విప్పారి ఉంది.

"ఆ మాటకే వచ్చినాను మామా. మిషను ఆ మాట చెప్పలేదు."

"ఏందీ?"

"మీ నీళ్ళలో లెక్కలేనన్ని కణాలు ఉండాయి. నేను నొక్కింది కొన్నిటినే. నొక్కినవి గట్టిగా ఉండాయి, నిజమే. నొక్కనివి ఎట్లుండాయో నాకు తెలీదు. కాన్సరులో గూడా గట్టి కణాలుంటాయి. నా కండ్లతో చూసినాను."

"అట్లయితే పెద్ద డాక్టరు అబద్ధం చెప్పినారా?"

"అబద్ధం కాదు మామా. ఆయనకు ఆ మిషను మీద అంత నమ్మకం. దాని ముందర కూర్చునేది నేను. నాకు అంత నమ్మకం లేదు."

ఆయన ముఖం మారింది. దగ్గు తెర వచ్చింది. తగ్గాక గొంతు పెంచాడు. "పక్కటెముకల నడాన బొక్క పెట్టి చూస్తారంట. సుమ్మా, ఊరికే, యాల పొడిపించుకునేది? మా అన్న ఆస్పత్రికి పోయి తిరిగి రాలేదు. తెల్సు కదా నీకు?"

"తెల్సు."

"తెల్సి గూడా వచ్చినావా?"

"తెల్సే వచ్చినాను."

"నీ మిషన్ని నువ్వే నమ్మకుంటే మేము యాడికి పోయేది?"

"నా మిషనే గనకనే వచ్చినాను మామా. వేరే ఎవురిదైనా అయితే నా ఇంట్లో నేనుంటాను."

వెళ్ళిపొమ్మన్నట్టు ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటున్న ఆయన భార్య పద్మావతమ్మ ముందుకు వచ్చి కాఫీ లోటా నా చేతికి ఇచ్చింది. మొగుడి వైపు తిరిగింది.

"కాన్సరు లేదన్నారు, సరే. అయితే ఈ నీళ్ళు ఎందుకు చేరినాయి? దగ్గు యాడన్నా తగ్గిందా? ఏందో తెలియకనే ఇంటికి వచ్చి కూర్చుంటే అది నయమైనట్టా? రేపు పోదాం."

"నువ్వు సుమ్మా ఉండు."

"ఉండను. నువ్వు రాకుంటే నేను పోయి ఆ డాక్టర్ని ఇక్కడికే పిలుచుకొని వస్తాను" అంది ఆమె. ఆ ఇంట్లో ఇక ఆ విషయం మీద మాట లేదు.

మర్నాడు చెట్టి ఆస్పత్రిలో చేరాడు. ముక్క తీశారు. ఫిలోమినా చూసి చెప్పింది. కాన్సరు కాదు, క్షయ.

ఈ కథ ఇక్కడ ఆగి ఉంటే నన్ను తప్పుబట్టడానికి ఎవరికైనా అవకాశం ఉండేది. సభాపతిగారు నన్ను పిలిపించారు. యంత్రం చెప్పిందే నిజమైందని, నేను ఒక ముసలాయన పక్కటెముకల్లో అనవసరంగా చిల్లు పెట్టించానని అన్నారు. ఆజ్ఞ ధిక్కరించినందుకు సంజాయిషీ కోరుతూ మెమో చేతికిచ్చారు. మెమో అంటే జవాబు రాసి తీరవలసిన కాగితం, సర్వీసు పుస్తకంలో చేరుతుంది. నేను నిలబడే జవాబు చెప్పాను. యంత్రం కాన్సరు లేదంది, క్షయ ఉందని అనలేదు. ముక్క తీయకపోతే ఆయన క్షయతో ఇంట్లో కూర్చునేవాడు, ఇంట్లో వాళ్ళకూ అంటించేవాడు. ఇక కాన్సరు లేదన్న మాట నిజం కావడం సంగతి. నాణెం ఎగరేసినా సగం సార్లు నిజమే పడుతుంది. నాణేన్ని ఎవరూ పరీక్ష అనరు.

మెమోకు రాసిన జవాబులో క్షమాపణ రాయలేదు. ఒక కోరిక రాశాను. పేర్లు దాచిన గిన్నెలు నాకు ఇప్పించండి. ఎవరి నీరో నాకూ తెలియకూడదు, విభాగాధిపతికీ తెలియకూడదు. గీత ఆయననే గీయమనండి. నేను నొక్కుతాను, ఆయన చెబుతారు. తర్వాత పేర్లు విప్పి చూద్దాం. గీత నిలిస్తే సంతకం చేస్తాను, నిలవకపోతే మరెవరూ చేయకూడదు.

జవాబు కళాశాల డీన్ దాకా వెళ్ళింది. సభాపతిగారు వెనకాడలేదు. ఆ విషయంలో ఆయనను మెచ్చుకోవాలి. తన నమ్మకాన్ని పరీక్షకు పెట్టడానికి భయపడే మనిషి కాదాయన. ఏ వ్యాధో అప్పటికే నిశ్చయంగా తేలిపోయిన రోగుల నీటిని ఫిలోమినా సేకరించి, గిన్నెల మీద గుర్తులు మాత్రం వేసి, ఏ గుర్తు ఎవరిదో రాసిన కాగితాన్ని డీన్ దగ్గర పెట్టింది. మా గదిలో డీన్, మరి ఇద్దరు ప్రొఫెసర్లు ఇరుక్కుని కూర్చున్నారు. సభాపతిగారు గోడకున్న బోర్డు మీద చాక్‌పీసుతో గీత గీశారు. జనరేటరు వేయవద్దని ముందే చెప్పి ఉంచాం.

నేను నొక్కాను. ఆయన ఒక్కో గిన్నెకూ ఉంది, లేదు అని చెబుతూ పోయారు. డీన్ పేర్లు విప్పారు. చాలావాటికి ఆయన చెప్పింది సరిపోయింది. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది, ఆ వెలుగు న్యాయమైనదే. తర్వాత గుండె బలహీనత వల్ల నీరు చేరిన ఒక స్త్రీకి కాన్సరు ఉందన్నట్టు తేలింది. అది కూడా ఆయన తట్టుకున్నారు. ఆ వెంటనే, కాన్సరుతో బాధపడుతున్న ఒక యువకుడికి ఏమీ లేదని చెప్పినట్టు తేలింది. ఆ పిల్లవాడు ఆయన రోగి. వార్డులో ఆయన రోజూ చూస్తున్న మనిషి.

ఆ గిన్నె మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. నెమ్మదిగా నొక్కమన్నారు. అదే కణాన్ని నెమ్మదిగా నొక్కితే కొలత గీతకు మెత్తని వైపున పడింది. వేగంగా నొక్కి చూపించాను. మళ్ళీ గట్టి వైపుకు వెళ్ళింది. కణం ఉక్కులాంటిది కాదు. అందులో నీరూ పోగులూ కలిసి ఉంటాయి, తొందరపెట్టి నొక్కితే ఎదురు తిరుగుతుంది, నిదానంగా నొక్కితే లొంగుతుంది.

"ఇందులో ఏది నిజం?" అని అడిగారు సభాపతిగారు.

"రెండూ నిజమే" అన్నాను.

"వేగం ఒకటే ఉండాలని నియమం పెట్టుకుంటే?"

"పెట్టుకోవాలి. దానితో నా కొలత నిలకడగా ఉంటుంది. రెండు కుప్పలు మాత్రం విడిపోవు. ఈ పిల్లవాడు ఆ నడుమ ఉన్నాడు."

ఆయన లేచి, బోర్డు మీది గీతను చేత్తోనే తుడిచేసి బయటికి వెళ్ళారు. పరికరాల సంస్థవాళ్ళకు ఆ వారంలోనే కబురు వెళ్ళింది. శిబిరాలు జరగలేదు.

మెమోను మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ నా సర్వీసు పుస్తకంలో అది ఉంది. తొలగించమని నేను అడగలేదు. మరుసటి ఏడాది యంత్రాన్ని దంత వైద్య విభాగానికి ఇచ్చేశారు. పళ్ళ గట్టిదనం కొలవడానికి. నన్ను మొదటి ఏడాది విద్యార్థుల ప్రయోగాల గదికి మార్చారు. దంత విభాగం వాళ్ళను అడిగి, వాళ్ళకు అక్కరలేని పూటల్లో యంత్రం వాడుకుంటూ ఫిలోమినా, నేనూ పని పూర్తి చేశాం. రాసి పంపిన వ్యాసంలో రెండు కుప్పలు కలిసే బొమ్మను తీసేస్తే అచ్చువేస్తామని ఒక పత్రిక వాళ్ళు రాశారు. తీసేది లేదని జవాబిచ్చాం. వ్యాసం మరో చిన్న పత్రికలో, బొమ్మతో సహా వచ్చింది.

రంగనాయకులు చెట్టి క్షయ మందులు పూర్తిగా వాడి కోలుకున్నాడు. నాకు ఏనాడూ మంచి మాట చెప్పలేదు. అంగడికి వెళితే చొక్కా ఎత్తి మచ్చ చూపించి, "ఈ అమ్మణ్ణి పెట్టించిన బొక్క" అని పక్కన ఉన్నవాళ్ళకు చెప్పేవాడు. చెప్పి, నాకు కాఫీ తెప్పించేవాడు. ఆ యువకుడికి చికిత్స సాగింది. ఎంత కాలం బతికాడో నాకు తెలియదు.

2011లో పదవీ విరమణ చేశాను. ఈ రంగంలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, కణాల గట్టిదనం మీద నాకు నమ్మకం లేదా అని అడుగుతారు. నమ్మకం ఉంది. కాన్సరు కణం మెత్తదని నా చేత్తో కొలిచాను, ఎవరు కాదన్నా వాదిస్తాను. ముందు ముందు ఇంకా మంచి యంత్రాలు వస్తాయి, ఇంకా ఎక్కువ కణాలను నొక్కుతాయి, గుంపు గురించి తెలిసిన సంగతి ఒక మనిషికి పనికివచ్చేంతగా పదును తేలవచ్చు కూడా. అప్పుడు గీత గీసుకోనివ్వండి. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: కొలత ఎంతవరకు చెబుతుందో అంతవరకే కొలిచినవాళ్ళు సంతకం చేయాలి. అంతకు మించి సంతకం పెట్టించుకోవడానికి పై అధికారులు, మంచి ఉద్దేశాలు, జనం ఆశలు అన్నీ కలిసి వస్తాయి. అప్పుడు నేను పెట్టను అన్నాను. ఈ రోజు మళ్ళీ అడిగినా పెట్టను.